దిబ్బలపాలెం సున్నాలు

డాక్టర్ మణిదీప్‌కి నాంచారమ్మ ఎడమ కన్ను ఒక పట్టాన అర్థం కాలేదు.

ఆమె కుడి కన్ను ఎప్పుడో పోయింది. అందులో ఇక చేసేదేమీ లేదు. మిగిలిన ఆ ఒక్క కంట్లో ఒత్తిడి పెరుగుతోంది. డాక్టర్లు గ్లకోమా అంటారు, ఊళ్ళల్లో నీటికాసులు అంటారు. నొప్పి పుట్టదు, ఎర్రబడదు. చూపు అంచుల నుంచి లోపలికి తరిగిపోతూ వస్తుంది. మనిషికి తెలిసేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

మందు లేదా అంటే ఉంది. రోజూ సాయంత్రం ఒక్క చుక్క. అది మానకుండా పడితే కన్ను నిలుస్తుంది.

మూడు నెలలుగా నెలకో సీసా నాంచారమ్మకి అందుతూనే ఉంది. "వేసుకుంటున్నావా అమ్మా?" అని మణిదీప్ అడిగినప్పుడల్లా "ఏసుకుంటన్నా బాబూ" అంటుంది. ఒత్తిడి దిగాలి కదా, దిగలేదు. పోయిన నెల ఇరవై ఎనిమిది ఉన్నది ఈ నెల ముప్ఫై ఒకటి అయింది.

ఇక మిగిలింది ఆపరేషనే. ఉన్న ఒక్క కంటి మీద కత్తి పెట్టాలంటే ఎంత మొనగాడికైనా గుండె పీచుపీచుమంటుంది. మణిదీప్‌కీ అలాగే అయింది. అందుకే ఫైలు చంకన పెట్టుకుని సువార్తమ్మ గారి గదికి వెళ్ళాడు.

సువార్తమ్మ గారికి డెబ్భై దగ్గర పడుతున్నాయి. సముద్రానికి ఆరు మైళ్ళ ఇవతల, హైవే పక్కనున్న ఆ చిన్న కంటి ఆసుపత్రి ఆవిడ పెట్టిందే. తెల్లటి నేత చీర, నల్ల పట్టీ వాచీ, చేతిలో ఎప్పుడూ ఒక టార్చిలైటు. చుట్టుపక్కల ఉప్పు పండించే ఊళ్ళన్నిటికీ ఆవిడే డాక్టరమ్మ. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఇవాళ పెద్ద పెద్ద ఊళ్ళల్లో పెద్ద పెద్ద బోర్డులు పెట్టుకున్నారు. మేడమ్ మీకు ఏం నేర్పారని అడిగితే మాత్రం ఒక్కరూ తిన్నగా చెప్పలేరు. ఆవిడ నోటితో పాఠం చెప్పగా విన్నవాళ్ళు లేరు మరి.

మణిదీప్ రెండేళ్ళ కిందట ఒక కెమెరాతో ఆవిడ దగ్గరికి వచ్చాడు. అది కంటి లోపలి నరాన్ని ఫోటో తీసి, జబ్బు ఉందో లేదో రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది. నాంచారమ్మ జబ్బు పట్టుకున్నది అదే. గొప్ప యంత్రమే, కాదనడానికి లేదు.

కెమెరాతో పాటు అతను తొమ్మిది ప్రశ్నలు కూడా తెచ్చాడు. చూపు పోతున్న మనిషికి మనసు కూడా కుంగుతుందా, కుంగితే ఊరికి ఎంతమందికి, ఎంత? ఇదీ అతని పరిశోధన. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా ఉంటోందా, నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, ఇలా తొమ్మిది అడుగుతారు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. మొత్తం ఎంత పెరిగితే దిగులు అంత ఎక్కువన్నమాట.

ఫోటో తీయాలంటే ముందు కంటిపాప పెద్దది కావాలి. దానికి వేరే చుక్కలు వేసి అరగంట కూర్చోబెట్టాలి. ఆ అరగంటా జనం ఊరి బడి వరండాలో బల్లల మీద కళ్ళు మూసుకుని ఊరికే కూర్చునేవాళ్ళు. చూస్తూ చూస్తూ అంత సమయం వదులుకోవడం మణిదీప్‌కి నచ్చలేదు. చుక్కలు పడగానే ట్యాబ్ పట్టుకుని బల్ల ఈ కొస నుంచి మొదలుపెట్టేవాడు. ఆ కొసన తొమ్మిదో ప్రశ్న అయ్యేసరికి ఈ కొసన కళ్ళు ఫోటోకి సిద్ధం. రోజుకి అరవై మంది. ఈ పద్ధతి గురించి ఒక పెద్ద సభలో చెబితే చప్పట్లు కూడా కొట్టారు.

సువార్తమ్మ గారు సర్వేకి వస్తే రోజుకి పన్నెండిళ్ళు. అంతే. ఏ ఇంటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడుగుతారు. తాగి, గ్లాసు ఇచ్చేశాక కూడా కాసేపు కూర్చుంటారు. మేడమ్‌కి వయసైపోయింది, పాపం దాహం ఎక్కువ అనుకునేవాడు మణిదీప్.

ఆవిడ నాంచారమ్మ ఫైలు మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు.

"మందు పనిచేయట్లేదు మేడమ్. ఆపరేషన్‌కి రాసేద్దామా?"

"వేసుకుంటోందా?"

"వేసుకుంటున్నాననే అంటోంది."

"నీ తొమ్మిది ప్రశ్నల్లో ఎన్ని మార్కులొచ్చాయి?"

మణిదీప్ మొహం విప్పారింది. ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు.

"సున్నా మేడమ్. ఆమె ఒక్కతే కాదు, ఊరు ఊరంతా సున్నాయే. దిబ్బలపాలెంలో నాలుగు వందల పన్నెండు మందిని అడిగాను. మూడొందల తొంభై మందికి సున్నా. ఇంత సంతోషంగా ఉన్న ఊరు నేనెక్కడా చదవలేదు. ఒళ్ళొంచి పనిచేస్తారు, సముద్రపు గాలి, ఇరుగూపొరుగూ కలిసిమెలిసి ఉంటారు. ఇదే రాస్తున్నాను. సోమవారం రిపోర్టు పంపాలి. ఈ ఊళ్ళకి మనసు డాక్టరు అవసరం లేదని కూడా రాస్తున్నాను."

సువార్తమ్మ గారు కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు.

"నాంచారమ్మ పెనిమిటి పేరయ్య పోయి ఎన్నాళ్ళయింది?"

మణిదీప్ ఫైలు అందుకుని వెతికాడు. అందులో వయసుంది, బరువుంది, బీపీ ఉంది, షుగరుంది. ఆ గడి లేదు.

"రేపు దిబ్బలపాలెం వెళ్తున్నావుగా," అన్నారావిడ. "నేనూ వస్తా."

దిబ్బలపాలెంలో ఇళ్ళకంటే ఉప్పు కుప్పలు ఎక్కువ. ఊరి చుట్టూ ఉప్పు మడులే. పొద్దెక్కేకొద్దీ ఆ తెల్లదనం మీద ఎండ పడి కళ్ళల్లోకి తిరగబడుతుంది. అక్కడి వాళ్ళు పుట్టినప్పటి నుంచీ కళ్ళు చికిలించుకునే బతుకుతారు. కొత్తవాళ్ళకి అందరూ తమని అనుమానంగా చూస్తున్నట్టుంటుంది.

తొమ్మిదయింది. బడి వరండాలో బల్లలు వేశారు. మణిదీప్ ట్యాబ్ తెరిచి, ఆ రోజు అడగాల్సిన నలభై మంది పేర్లు చూసుకుంటున్నాడు.

"మణీ, ఇలా వచ్చి కూర్చో," అన్నారు సువార్తమ్మ గారు.

కూర్చున్నాడు. ఆవిడ టార్చిలైటు పక్కనుంచి వేసి అతని రెండు కళ్ళూ ఒకటికి రెండుసార్లు చూశారు. చుక్కలు వేస్తే ఇబ్బంది లేని కళ్ళేనని తేల్చుకున్నాక చుక్కల సీసా మూత తీశారు.

"తల పైకెత్తు."

"నాకెందుకు మేడమ్?"

"ఎత్తు నాయనా."

ఎత్తాడు. కంటికి రెండు చుక్కలు చొప్పున పడ్డాయి. చురుక్కుమంది.

"మేడమ్, ఇవాళ నలభై ఫారాలున్నాయి!"

"ఉండనీ," అని ఆవిడ బల్ల మీద తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళిపోయారు.

మణిదీప్ చదువుకునే రోజుల్లో ఒకసారి ఈ చుక్కలు వేయించుకున్నాడు. అది ఏసీ గదిలో, పరదాలు వేసుకుని. వేయించుకున్నాక హాస్టలుకెళ్ళి పడుకున్నాడు. అదొక లెక్కా?

పావుగంటకి ట్యాబ్ మీద అక్షరాలు అలుక్కుపోయాయి. అక్షరాలు పెద్దవి చేశాడు. ఇంకా పెద్దవి చేశాడు. చివరికి తెర మీద ఒకే ఒక్క 'గ' పట్టింది, అదీ మసకగానే. ఇక లాభం లేదని ట్యాబ్ మూసి బల్ల మీద కూలబడ్డాడు. వరండా బయటికి చూడబోతే ఉప్పు కుప్పలు మీదికి వచ్చినట్టయింది. రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. అరచేతులు తడిసిపోయాయి.

ఒత్తిడి మళ్ళీ చూపించుకోవడానికి వచ్చిన నాంచారమ్మ అతని పక్కనే కూర్చుంది. కాసేపటికి గుర్తుపట్టింది.

"ఎవురూ? డాక్టరు బాబా? నీక్కూడా ఏశారా చుక్కలు!"

"వేశారమ్మా."

"ఏం తప్పు చేశావయ్యా?" అంటూ పకపకా నవ్వింది. బల్ల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. మణిదీప్‌కి ఒళ్ళు మండింది గానీ ఎవరి మీద మండాలో కనబడలేదు.

ఎండ వరండాలోకి పాకింది. అతను మొహం గోడకి తిప్పుకున్నాడు.

"ఇక్కడుంటే ఉన్న కళ్ళు కూడా పోతయ్," అంది నాంచారమ్మ. "మా ఇల్లు ఈ పక్కనే. నీడన కూర్చుందువుగాని రా."

అతను మేడమ్ వైపు తిరిగాడు. ఆవిడ ఎవరి కంట్లోకో చూస్తున్నారు. తల తిప్పకుండానే "వెళ్ళు" అన్నారు.

నాంచారమ్మ అతని మణికట్టు పట్టుకుంది. ఉప్పునీళ్ళకి పగిలి గట్టిపడిన చెయ్యి. "ఇక్కడ మెట్టు... ఇదిగో కాలవ, కుడి పక్కకి రా... వంగు, తీగుంది," అని చెబుతూ తీసుకుపోయింది. ఆమెకి పక్కలు కనబడవని మణిదీప్‌కి తెలుసు, కెమెరా చెప్పింది. కనబడకుండానే ఎంత దూరం నడవగలదో కెమెరా చెప్పలేదు.

ఇల్లు చల్లగా, చీకటిగా ఉంది. కూర్చోబెట్టి గ్లాసు చేతికిచ్చింది. మజ్జిగ. అల్లం దంచి వేసింది. కొడుకూ కోడలూ ఉప్పు మడుల్లోకి వెళ్ళారట, మధ్యాహ్నానికి గానీ రారట.

"అన్నం తినే వచ్చావా?" అంది.

"తిన్నానమ్మా."

తిన్నది రెండు బిస్కెట్లు. అయినా మర్యాదకి అలా అనడం మామూలే కదా.

"నిద్ర పడతందా? గొంతు అట్టుందేంది?"

"పడుతోందమ్మా. నాకేం, బాగానే ఉన్నాను."

అనేశాక, ఈ మాట ఎక్కడో విన్నట్టుందే అనిపించింది మణిదీప్‌కి. ఎక్కడో ఏమిటి? ఈ ఊళ్ళోనే విన్నాడు. మూడొందల తొంభై సార్లు విన్నాడు. విన్న ప్రతిసారీ సున్నా నొక్కాడు.

గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది.

నాంచారమ్మ గుమ్మం దగ్గర కూర్చుని చేటలో ఏవో ఏరుతోంది. గింజలు చేటకి తగిలే చప్పుడు వినబడుతోంది. ఆమె మొహం అతనికి మసక మసగ్గా, ఎవరి మొహమైనా కావచ్చునన్నట్టుగా ఉంది. అందువల్లేనేమో, నోరు దానంతటదే తెరుచుకుంది.

"లేదమ్మా. రెండు నెలల నుంచి సరిగ్గా నిద్ర లేదు. పడుకుంటే లెక్కలే కనబడతాయి. నేను రాసిన వ్యాసం రెండుసార్లు తిప్పి పంపారు. నాతో పాటు మొదలుపెట్టినవాళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయారు. రెండేళ్ళు ఇక్కడ నేనేం చేశానా అనిపిస్తుంది. వండుకోబుద్ధి కాదు."

"అట్టనా," అంది నాంచారమ్మ. "ఎవురికన్నా చెప్పావా?"

"లేదు."

"ఏం, డాక్టరమ్మకి చెప్పగూడదా?"

"చెబితే వీడు పనికిరాడనుకుంటారని."

ఆమె ఏరడం ఆపింది. బతుకంటే అంతేనని గానీ, ధైర్యంగా ఉండమని గానీ అనలేదు. "తాగు, అడుగున అల్లం ఉండిద్ది" అంది. అతను తాగాడు.

"గ్లాసు ఆ గూట్లో పెట్టు బాబూ, నీ తల పక్కనే."

మణిదీప్ గూట్లోకి చెయ్యి పోనిచ్చాడు. వేళ్ళకి చిన్న చిన్న సీసాలు తగిలాయి. ఒకటి, రెండు, మూడు. చూడక్కర్లేదు, అవేమిటో అతని వేళ్ళకి తెలుసు. ఒకటి తీసుకుని మూత కింద తడిమాడు. మొదటిసారి తిప్పగానే తెగిపోవాల్సిన ప్లాస్టిక్ పట్టీ తెగకుండా గట్టిగా ఉంది. రెండోది తడిమాడు. మూడోది తడిమాడు.

మూడు నెలల మందు. ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు. ఈ మందు పనిచేయట్లేదనే అతను ఆ కంటికి కత్తి పెట్టబోయాడు.

ఇంకో రోజైతే కేకలేసేవాడు. ఇవాళ కళ్ళు కనబడట్లేదు, పైగా ఇప్పుడే తనూ ఒక అబద్ధం ఆడి ఉన్నాడు. మెల్లిగా అన్నాడు.

"ఇవి మూత తియ్యలేదే నాంచారమ్మా."

చేట కింద పెట్టిన చప్పుడు.

"తియ్యలా," అంది. "నా చేత్తో నేనేసుకుంటే బుగ్గ మీద పడిద్ది. అప్పట్లో కంటికి శుక్లం ఆపరేషను చేసినప్పుడు మా ఇంటాయనే ఏసేవాడు. 'మొగుడి మొహం ఏం చూస్తావు, పైన దూలం చూడు' అనేవాడు. పోయిన వానల్లో పోయాడు. మరిప్పుడు దూలం చూడమని అనేదెవురు?"

"మీ కోడలు అంకమ్మ ఉందిగా?"

"అంకమ్మ బంగారం. అడిగితే ఏసిద్ది. నాకే అడగబుద్ధి కాదయ్యా. తినబుద్ధి కాదు, లేవబుద్ధి కాదు. తెల్లారిందంటే అప్పుడే తెల్లారిందా అనిపిచ్చిద్ది. ఈ కన్నుండి మాత్రం నేనింక చూసేదేముంది?"

తొమ్మిది ప్రశ్నల్లో నాలుగైదు జవాబులు ఆ ఒక్క ఊపిరిలో వచ్చేశాయి. ఇవే ప్రశ్నలు మణిదీప్ మూడు నెలల కిందట ఆమెని అడిగాడు. తొమ్మిదింటికీ "లేదు బాబూ, బానే ఉండా" అంది.

"మరి ఆ రోజు నేనడిగితే చెప్పలేదేమమ్మా?"

"ఎట్టా చెప్పనయ్యా! ఆ బల్ల మీద నా పక్కన కూర్చుంది ఎవురు? అంకమ్మ మేనత్త. నాకు అన్నం సయించటం లేదంటే ఆమె ఏమనుకునిద్ది? కోడలు పెట్టటంలా అనుకోదా? నిద్ర పట్టటంలా అంటే ఇంట్లో గొడవలంటారు. సాయంత్రానికి ఊరంతా పాకిద్ది. తెల్లారుజామున లేచి నాకింత వండిపెట్టి పనికిపోయే పిల్లని, దాన్ని నలుగురి నోట్లో పెట్టనా?"

మణిదీప్‌కి ఆ వరండా కళ్ళకి కట్టింది. బల్లకి పదిమంది. ఆ కొస నుంచి ఈ కొసకి అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు. అందరికీ చుక్కలు పడి కళ్ళు మూతపడి ఉంటాయి, ఇక చెయ్యడానికి మిగిలింది వినడమే. అంతమంది వినేచోట నిలబడి అతను, ఆకలి వేస్తోందా అని పైకి చదివాడు.

"అయితే మిగతావాళ్ళు?" అన్నాడు. "ఊళ్ళో మిగతావాళ్ళు కూడా..."

"వాళ్ళకి మాత్రం కోడళ్ళు లేరా?" అంది నాంచారమ్మ. "కోడళ్ళకి అత్తల్లేరా?"

మణిదీప్‌కి నవ్వొచ్చింది. చప్పట్లు కొట్టిన ఆ పెద్ద సభ గుర్తొచ్చి సిగ్గు కూడా వేసింది. కళ్ళు తుడుచుకున్నాడు. చుక్కల వల్ల కారుతున్నాయో, వేరే ఎందుకైనా కారుతున్నాయో ఇక తేల్చుకోలేదు.

మధ్యాహ్నమైంది. అంకమ్మ మోకాళ్ళ దాకా ఉప్పునీటి మరకలతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. డాక్టరు తమ ఇంట్లో నేల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. మూడు మందు సీసాలు అతని ఒళ్ళో ఉన్నాయి.

"ఏంది సారూ? ఏమైంది? అత్త కన్ను పోయిందా?"

మణిదీప్ నోరు తెరవబోయి ఆగాడు. ఇది తను చెప్పే మాట కాదు. సీసా ఒకటి తీసి, నాంచారమ్మ చెయ్యి వెతుక్కుని అందులో పెట్టాడు.

నాంచారమ్మ చాలాసేపు ఆ సీసాని అటూ ఇటూ తిప్పింది.

"అమ్మాయ్," అంది చివరికి. "ఈ చుక్క కాస్త ఏస్తావా?"

అంకమ్మ సీసా అందుకుంది. మూత చూసింది. ఆమెకి కళ్ళు బాగానే కనబడతాయి.

"రోజూ అడుగుతున్నా కదత్తా, ఏసుకున్నావా అని! ఏసుకున్నానన్నావే! ఒక్క మాట అడిగితే ఏయనా నేను? నేను పరాయిదాన్నా?" అంది. కోపంగా మొదలుపెట్టి ఏడుపులోకి దిగింది. ఏడుస్తూనే పెరట్లోకి వెళ్ళి చేతులు రుద్ది రుద్ది మూడుసార్లు కడుక్కుంది. ఉప్పు చెయ్యి కదా. వచ్చి అత్త గడ్డం కింద చెయ్యి పెట్టింది.

"పైకి చూడత్తా."

"అట్టా కాదు," అంది నాంచారమ్మ. "దూలం చూడు అనాలి."

"దూలం చూడు."

చుక్క పడింది.

అది సాయంత్రం వేయాల్సిన మందు. ఆ సంగతి మణిదీప్ ఎత్తలేదు.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో మణిదీప్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఊరు దాటాక సువార్తమ్మ గారు అతని వైపు తిరిగారు.

"మజ్జిగ బాగుందా?" అన్నారు.

"బాగుంది మేడమ్."

"ఎన్ని ఫారాలయ్యాయి?"

"ఒక్కటీ అవలేదు మేడమ్."

"ఊఁ," అన్నారావిడ. ఆ 'ఊఁ'లో కోపం లేదని మాత్రం అతనికి తెలిసింది.

సోమవారం రిపోర్టు వెళ్ళలేదు. బదులుగా, ఇన్నాళ్ళూ అడిగిన పద్ధతే తప్పని, ఆ తప్పు తనదేనని, మళ్ళీ మొదటి నుంచి అడుగుతానని ఒక ఉత్తరం వెళ్ళింది. ఉత్తరం చివర, ఈ ఊళ్ళకి మనసు డాక్టరు కావాలని కూడా రాశాడు. పైవాళ్ళు పంపేదాకా ఆగడం ఎందుకని సువార్తమ్మ గారు ఒంగోలులో తనకు తెలిసిన ఒకాయన్ని బతిమాలి, ప్రతి గురువారం ఆసుపత్రికి రప్పించారు. మొదటి గురువారం నాంచారమ్మ అంకమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. ఎవరైనా అడిగితే కన్ను చూపించుకోవడానికని చెప్పమని సువార్తమ్మ గారే చెప్పారు. అబద్ధమేమీ కాదు, కన్ను కూడా చూపించుకుంది.

మూడు వారాలు తిరిగేసరికి ఆ కంట్లో ఒత్తిడి పదిహేడుకి దిగింది. మణిదీప్ రెండుసార్లు కొలిచి చూశాడు. పదిహేడే. ఆపరేషన్ కాగితం చింపి బుట్టలో వేశాడు. నాంచారమ్మ దిగులు ఒత్తిడి దిగినంత గబగబా దిగదు. కానీ పొద్దున్నే లేచి కోడలితో పాటు ఉప్పు మడుల గట్టు దాకా నడుస్తోందని, అంకమ్మ చుక్కలు వేసేటప్పుడు 'దూలం' అనకపోతే ఒప్పుకోవట్లేదని కబురు తెలిసింది. ఆ కబురు విన్న రోజు మణిదీప్ ఆసుపత్రిలో అందరికీ తనే టీ కలిపి ఇచ్చాడు. పంచదార ఎక్కువైంది. అయినా అందరూ తాగారు.

ఆ సాయంత్రమే కొన్ని కాగితాలు తీసుకుని సువార్తమ్మ గారి గదికి వెళ్ళాడు. ఈసారి ట్యాబ్ లేదు.

"మూడు వారాల్లో పదకొండే అయ్యాయి మేడమ్," అన్నాడు బిక్కమొహంతో. "ఇంటికెళ్ళి కూర్చుంటున్నాను. మంచినీళ్ళు ఇస్తారు, మజ్జిగ ఇస్తారు. ముందు వాళ్ళే నన్ను అడుగుతున్నారు. అదంతా అయ్యాక గానీ నా వంతు రావట్లేదు."

ఆవిడ ఒక్కో ఫారమూ చూశారు. పదకొండులో సున్నా ఒక్కటే ఉంది. అది నాటకాల్లో వేషాలు వేసే బసవపున్నయ్యది. ఆయన్ని ఎన్నిసార్లు ఎలా అడిగినా సున్నాయే. ఆయన నిజంగానే బాగున్నాడు.

కాగితాలు సర్ది బల్ల మీద పెట్టి, ఆవిడ కళ్ళద్దాల మీంచి అతన్ని చూశారు.

"నీకు నిద్ర పడుతోందా మణీ?"

"బాగానే..." అని ఆగిపోయాడు మణిదీప్.

గదిలో ఇంకెవరూ లేరు. సువార్తమ్మ గారు టార్చిలైటు పక్కన పెట్టారు. తొందరేమీ లేనట్టు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నారు.

"వారంలో నాలుగు రోజులు పడుతోంది మేడమ్. మూడు రోజులు పట్టట్లేదు. అన్నం వండుకుంటున్నాను. వ్యాసం మాట గుర్తొస్తే మాత్రం ఇంకా ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తుంది."

ఆవిడ తల ఊపారు. సొరుగు లాగి ఖాళీ ఫారం ఒకటి తీశారు. పైన అతని పేరు రాశారు. అతను చెప్పింది చెప్పినట్టు, ఎక్కువా తక్కువా లేకుండా గుర్తులు పెట్టారు. దాన్ని ఆ పదకొండింటి మీద ఉంచి అంచులు సరిచేశారు.

"పన్నెండు," అన్నారు.